నాలుగు రౌండ్లయ్యాక మౌనం: లోపం నాలోనే ఉందా?

ప్రశ్న: మేడమ్, డేటా అనలిస్ట్‌గా నాకు మూడేళ్ల అనుభవం ఉంది. ఏడు నెలలుగా వేరే ఉద్యోగం కోసం చూస్తున్నాను. తొమ్మిది ఇంటర్వ్యూలు అయ్యాయి. ఒక కంపెనీలో నాలుగు రౌండ్లు చేశారు. రెండు వారాంతాలు కూర్చుని వాళ్లిచ్చిన అసైన్‌మెంట్ కూడా పూర్తి చేశాను. 'సోమవారం చెబుతాం' అన్నారు, ఐదు వారాలైంది. ఇంకోచోట ఇంటర్వ్యూ చేసే ఆయన 40 నిమిషాలు ఆలస్యంగా వచ్చి, కెమెరా కూడా ఆన్ చెయ్యకుండా పది నిమిషాల్లో ముగించేశారు. మరోచోట పెళ్లెప్పుడు చేసుకుంటారని అడిగారు. ఇప్పుడు ఇంటర్వ్యూ అంటేనే గొంతు ఎండిపోతోంది. లోపం నాలోనే ఉందా? ఆ నాలుగు రౌండ్ల కంపెనీ మళ్లీ పిలిస్తే వెళ్లాలా?

జవాబు: మీరు రాసిన మూడు అనుభవాల్లో మీ పనిని నిజంగా చూసిందెవరో ఒకసారి ఆలోచించండి. ఒకచోట అసైన్‌మెంట్ చూసే ఉంటారు, కానీ ఎలా ఉందో చెప్పలేదు. రెండోచోట ఆయనకు చూసే తీరికే లేదు. మూడోచోట అడిగినదానికీ ఉద్యోగానికీ సంబంధమే లేదు. ఈ మూడింటిని పట్టుకుని మీకు మీరు మార్కులు వేసుకోకండి.

నేను చాలా ఏళ్లు ఇంటర్వ్యూ ప్యానెళ్లలో కూర్చున్నాను. అభ్యర్థి లోపలికొచ్చి కుర్చీ లాక్కుంటుండగా నా పక్కాయన రెజ్యూమె మొదటి పేజీ తెరవడం ఎన్నోసార్లు చూశాను. 'మీ గురించి చెప్పండి' అని అడగ్గానే ఆయన తల కాగితంలోకి వంగిపోతుంది. ఆ రెండు నిమిషాల్లో రెజ్యూమె చదువుకోవాలి కదా! వినేవాళ్లు లేరని తెలియగానే అభ్యర్థి గొంతు తగ్గుతుంది, మాట తడబడుతుంది. చివర్లో షీటు మీద 'కాన్ఫిడెన్స్ తక్కువ' అని పడుతుంది. కొన్నిసార్లు నేను అడ్డుపడ్డాను, అడ్డుపడాల్సిన ప్రతిసారీ పడలేదు. ఆ ముఖాలు కొన్ని నాకింకా గుర్తున్నాయి.

జేసన్ డానా, రాబిన్ డాస్, నథానియల్ పీటర్సన్ అనే పరిశోధకులు 2013లో ఒక ప్రయోగం ఫలితాలు ప్రచురించారు. ఇంటర్వ్యూ చేసి ఎదుటి విద్యార్థికి ఎన్ని మార్కులొస్తాయో అంచనా వెయ్యాలి. కొన్ని ఇంటర్వ్యూల్లో ఎదుటివాళ్లు నిజం చెప్పకుండా, ముందుగా చెప్పిన పద్ధతి ప్రకారం, ప్రశ్న అర్థంతో సంబంధం లేకుండా అవుననో కాదనో జవాబిచ్చారు. ఆ జవాబులకు అర్థం లేదని ఇంటర్వ్యూ చేసినవాళ్లలో ఒక్కరూ పసిగట్టలేదు. పైగా ఇంటర్వ్యూ చేసి వేసిన అంచనాల కంటే పాత మార్కులు మాత్రమే చూసి వేసిన అంచనాలే నిజానికి దగ్గరగా వచ్చాయి. పద్ధతి లేని మాటామంతీకి ఉన్న విలువ ఇంతే. అదే అందరికీ ఒకే ప్రశ్నలు వేసి, ముందే అనుకున్న కొలత ప్రకారం మార్కులు వేసే ఇంటర్వ్యూ చాలా మెరుగు. మనిషి పని ఎలా చేస్తాడో ముందుగా అంచనా వేసే పద్ధతుల్లో దాన్ని అన్నిటికంటే పైన పెట్టిన విశ్లేషణ 2022లో వచ్చింది.

అందుకే ఎదుటివాళ్లు సిద్ధపడకుండా వచ్చారని అనిపించిన క్షణంలో మాటను మీ పని వైపు తిప్పండి. 'ఈ మధ్య చేసిన ఒక రిపోర్టు గురించి రెండు నిమిషాల్లో చెప్పనా?' అనండి. డేటా ఎక్కడ తప్పుగా వచ్చింది, మీరెలా పట్టుకున్నారు, దానివల్ల ఏ నిర్ణయం మారింది, ఈ మూడూ చెప్పండి. చాలామంది ఊపిరి పీల్చుకుని వింటారు, ఎందుకంటే ఏం అడగాలో వాళ్లకూ తోచడం లేదు. ఇక ఆలస్యం సంగతి. 15 నిమిషాలు చూసి, 'నేను లింకులోనే ఉన్నాను, మీకు వీలు కాకపోతే ఇంకో సమయం చెప్పండి' అని మెసేజ్ పెట్టి బయటకు వచ్చేయండి. 40 నిమిషాలు తెర ముందు కూర్చున్నాక ఎవరైనా సరిగ్గా మాట్లాడలేరు.

అన్నిటికంటే ఎక్కువ నలిపేది మౌనం. కాదంటే ఒక రోజు ఏడ్చి లేస్తాం. ఏమీ చెప్పకపోతే ప్రతి ఫోన్ మోతకీ గుండె ఆగుతుంది, 'ఆ ప్రశ్నకు అలా చెప్పకుండా ఉండాల్సింది' అని రాత్రిళ్లు తవ్వుకుంటాం. లోపల జరిగేది మాత్రం చాలాసార్లు వేరే ఉంటుంది. పోస్టుకు బడ్జెట్ ఆగిపోతుంది. మేనేజర్ మారిపోతాడు. లోపలివాళ్లకే ఆ పని అప్పగిస్తారు. లేదా మొదట ఎంచుకున్న వ్యక్తి ఆఫర్ ఒప్పుకునేదాకా రెండో వ్యక్తికి అవుననీ చెప్పరు, కాదనీ చెప్పరు. వీటిలో ఏదీ మీ జవాబుల వల్ల జరిగేది కాదు. కెనడాలోని ఒంటారియోలో 25 మంది, అంతకుమించి ఉద్యోగులున్న సంస్థ బహిరంగంగా ప్రకటించిన పోస్టుకు ఇంటర్వ్యూ చేస్తే, 45 రోజుల్లోగా నిర్ణయం అయిందో లేదో అభ్యర్థికి చెప్పి తీరాలని 2026 జనవరి 1 నుంచి నిబంధన పెట్టారు. చట్టం చేయాల్సి వచ్చిందంటే ఈ బాధ ఎంతమందిదో చూడండి.

ఇకపై మొదటి రౌండులోనే హెచ్‌ఆర్‌ను మూడు విషయాలు అడగండి: మొత్తం ఎన్ని రౌండ్లు, చివరి మాట ఎవరిది, ఏ తేదీలోగా చెబుతారు. ఆ తేదీ దాటి రెండు పనిదినాలైతే మెయిల్ పెట్టండి. 'ఫలానా తేదీన నాలుగో రౌండ్ పూర్తయింది. నిర్ణయం ఎంతవరకు వచ్చిందో తెలియజేయగలరా? నాకు ఈ ఉద్యోగం మీద ఆసక్తి ఉంది' అంటే చాలు. వారం తర్వాత ఇంకొక్కటి. మూడోది వద్దు, ఆ ఫైలు మూసేసి వేరే దరఖాస్తు తెరవండి. ఒక్క కంపెనీ జవాబు కోసం మిగతావాటిని ఆపితే నష్టం పూర్తిగా మీదే.

అసైన్‌మెంట్ మీద నా అభిప్రాయం కటువుగానే ఉంటుంది. మూడు నాలుగు గంటల్లో తేలే పని ఇస్తే న్యాయం. రెండు వారాంతాలు తినేసే పని జీతం లేకుండా చేయించుకోవడం అన్యాయం. ముందే 'దీనికి ఎన్ని గంటలు అనుకుంటున్నారు?' అని అడిగి, ఆ గంటలకే కట్టుబడండి. మిగిలింది ఎలా చేస్తారో ఒక పేజీలో రాసివ్వండి. వాళ్ల వ్యాపారంలో ఇప్పుడు నడుస్తున్న సమస్యనే ఇచ్చి పూర్తి ఫైళ్లు అడిగితే, ఆలోచన వరకు చెప్పి ఫైళ్లు మీ దగ్గరే ఉంచుకోండి.

పెళ్లి ప్రశ్నకు వివరాలు చెప్పాల్సిన పని లేదు. 'ఈ పనికి కావలసిన సమయం ఇవ్వగలను' అని చెప్పి తర్వాతి మాటలోకి వెళ్లండి. మళ్లీ అదే అడిగితే అక్కడ పని వాతావరణం ఎలా ఉంటుందో మీకు ముందే తెలిసినట్టు.

మీరు రాయని మిగతా ఆరు ఇంటర్వ్యూల సంగతి కూడా చూడాలి. ప్రతిదీ ఎక్కడ ఆగిందో కాగితం మీద రాయండి. వేర్వేరు చోట్ల ఆగితే కంగారు పడక్కర్లేదు. అన్నీ టెక్నికల్ రౌండులోనే ఆగితే సబ్జెక్టు మీద కూర్చోవాలి, జీతం మాట రాగానే ఆగుతుంటే మీరడిగే అంకెను సరిచూసుకోవాలి. ఇకనుంచి ఇంటర్వ్యూ అయిన పావుగంటలోపే అడిగిన ప్రశ్నలు నోట్ చేసుకోండి, మర్నాటికి సగం గుర్తుండవు.

ఇక మీ చివరి ప్రశ్న. నాలుగు రౌండ్లు ఎక్కువేమీ కాదు. గూగుల్ తన సొంత రికార్డులు తిరగేసి, నాలుగు ఇంటర్వ్యూలు చాలు, ఆపైన చేసినా అంచనా పెద్దగా మెరుగవదని తేల్చుకుంది. కాబట్టి వాళ్లు మళ్లీ పిలిచి, ఆలస్యానికి కారణం చెప్పి, ఒక తేదీ ఇస్తే వెళ్లండి. ఏ కారణమూ చెప్పకుండా ఐదో రౌండుకు రమ్మంటే, అందులో కొత్తగా ఏం తెలుసుకోవాలనుకుంటున్నారో ముందు అడగండి. మళ్లీ అసైన్‌మెంట్ అంటే పాతదే చూడమనండి. ఇప్పటిదాకా మెయిల్ పెట్టకపోయి ఉంటే, రేపు ఉదయమే ఆ మొదటి మెయిల్ పంపండి.