పెళ్లి గుర్రానికి ముందుకాలి నరం దెబ్బతింటే మళ్లీ పనికొస్తుందా?

కందుకూరు నుంచి అడిగిన అన్నగారికి. ఊరేగింపులో ఆడుతూ మీ గుర్రం ముందుకాలు మడతపడిందని, మోకాలి కింద వెనకవైపు నరం (డాక్టర్లు టెండన్ అంటారు) వాచిందని రాశారు. ఊళ్లో పెద్దాయన వాతలు పెట్టిద్దామంటున్నారు, శ్రావణం ముహూర్తాలకు లేస్తుందా అని అడిగారు. మాది నెల్లూరు, పెళ్లి గుర్రాలే మా జీవనాధారం. మా మార్వారీ జాతి ఆడగుర్రానికి ఇదే చోట ఇదే దెబ్బ తగిలింది, ఇప్పుడు మళ్లీ ఊరేగింపులకు పోతోంది. మీది కూడా కోలుకునే అవకాశం బాగానే ఉంది. శ్రావణానికి మాత్రం కాదు, ఆ అడ్వాన్సులు ఇప్పుడే తిరిగి ఇచ్చేయండి.

వాతలు దయచేసి పెట్టించకండి. కాల్చితే లోపలి నరం అతకదు, పైన చర్మం పాడవుతుంది, జంతువుకు నరకం. ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో దీని మీద పరిశోధన చేసి, వాతల వల్ల లాభం లేదని 1983లోనే ప్రచురించారు. రెండు రోజుల్లో నిలబెడతామని నరంలోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ పొడిచేవాళ్లనూ దగ్గరికి రానివ్వకండి. అది నరాన్ని ఇంకా బలహీనం చేస్తుంది.

మొదటి రెండు మూడు రోజులు ఐసే మందు. రొయ్యల వ్యాపారం పుణ్యమా అని మన వైపు ఐసు ఫ్యాక్టరీలకు కొదవలేదు. దంచిన ఐసు గోనెసంచిలో తెచ్చి, కాలికి తడిగుడ్డ చుట్టి, దానిమీద ఇరవై నిమిషాలు పెట్టి తీసేయండి. రోజుకు నాలుగైదుసార్లు చేయండి. మిగతా సమయంలో మందంగా దూది వేసి కట్టు కట్టండి, రెండో ముందుకాలికి కూడా. బరువంతా దానిమీదే పడుతుంది కాబట్టి ఆ గిట్ట వేడెక్కుతోందా అని రోజూ చూడాలి. నొప్పి మందు డాక్టర్ చెప్పినన్ని రోజులే వాడండి. నొప్పి తెలియకపోతే గుర్రం ఆ కాలిమీద ఎగురుతుంది.

అల్ట్రాసౌండ్ స్కాన్ తప్పనిసరి. దెబ్బ తగిలిన వారం పది రోజులకు తీయిస్తే లోపల ఎంత తెగిందో సరిగ్గా కనిపిస్తుంది, మొదటిరోజే తీస్తే తక్కువగా చూపించవచ్చు. తిరుపతి వెటర్నరీ కాలేజీ ఉంది, చెన్నై వేపేరిలో మద్రాస్ వెటర్నరీ కాలేజీ ఉంది. గుర్రాన్ని లారీ ఎక్కించే ముందు ఫోన్ చేసి, కాలి స్కాన్ ఏ రోజు తీస్తారో కనుక్కోండి.

ఇక అసలు సంగతి. నెలా నెలన్నరకు కుంటు పోతుంది, వాపు దిగుతుంది, గుర్రం హుషారుగా తల ఎగరేస్తుంది. సరిగ్గా అప్పుడే శ్రావణం ముహూర్తాలు పడతాయి, పార్టీలు ఫోన్ల మీద ఫోన్లు చేస్తారు, ఇంట్లో టెన్షన్. మళ్లీ తెగేది ఎక్కువగా ఇక్కడే. ఈ నరానికి రక్తం సరఫరా తక్కువ. తెగిన పోగుల చోట ముందు అడ్డదిడ్డంగా మెత్తటి కొత్త పోగులు పుడతాయి. రోజూ కొంచెం కొంచెం బరువు పడుతుంటేనే ఆ పోగులు నిలువుగా సర్దుకుంటాయి. దానికి తొమ్మిది నెలల నుంచి ఏడాది, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. అప్పుడు కూడా పాత సాగుడు రాదు. ముడేసిన తాడులాగా అతికిన చోట గట్టిగా ఉండి, దాని పక్కన తెగే ప్రమాదం ఉంటుంది. అందుకే పంచాంగం చూసి కాదు, స్కాన్ చూసి పని పెంచాలి. రెండు మూడు నెలలకోసారి తీయించండి.

నడక డాక్టర్ సరేనన్నాక చేత్తో పట్టుకుని పది నిమిషాలతో మొదలుపెట్టండి. వారానికి ఐదు నిమిషాల చొప్పున పెంచండి. దుడుకు నడక, అంటే నెమ్మది పరుగు, మూడు నాలుగు నెలల తర్వాత, అదీ స్కాన్ బాగుంటేనే. పెన్నా ఇసుకలోనో మైపాడు బీచ్‌లోనో తిప్పితే కాళ్లకు బలం వస్తుందని మా దగ్గర కూడా అందరూ చెప్పారు. మెత్తటి ఇసుకలో కాలు దిగబడితే అతుకుతున్న నరం మీద లాగుడు పెరుగుతుంది. గట్టిగా, చదునుగా ఉన్న మట్టి బాటే మంచిది. తెల్లవారుజామున, బళ్ల హారన్లు మొదలవకముందే తిప్పేయండి.

మన గుర్రాలకు ఇంకో చిక్కుంది. అవి డప్పుకు ఆడటం నేర్చినవి. పక్క వీధిలో వినాయకుడి ఊరేగింపు తాషా మోగగానే మాది కొట్టంలోనే మెడ వంచి, కట్టు కట్టిన కాలితోనే అడుగులు వేయబోయింది. చెవుల్లో దూది పెట్టి, మెడ నిమురుతూ, మేళం దాటిపోయేదాకా పక్కనే ఉన్నాం. బ్యాండు వినపడని చోట కట్టేసే వీలుంటే అక్కడికే మార్చండి.

పని లేనప్పుడు ఉలవలు, శనగలు బాగా తగ్గించి గడ్డి ఎక్కువ వేయండి. లేకపోతే కడుపునొప్పి వస్తుంది, ఒళ్లు పెరిగి కాలికి భారమవుతుంది. లాడాలు కొట్టే ఆయన్ను ఆరు వారాలకోసారి పిలిచి, గిట్ట ముందుభాగం పొడవు పెరగకుండా చూసుకోండి.

ప్రతి ఉదయం కట్టు విప్పాక చేతి వెనకభాగంతో రెండు కాళ్లూ పైనుంచి కిందికి తడమండి. దెబ్బ తగిలిన కాలు రెండోదానికంటే వేడిగా తగిలితే ఆ రోజు నడక ఆపేసి డాక్టర్‌కు చెప్పండి. తర్వాత కాలు ఎత్తి పట్టుకుని, నరాన్ని రెండు వేళ్ల మధ్య మెల్లగా నొక్కుతూ రండి. ఎక్కడ కాలు లాక్కుంటుందో ఆ చోటు గుర్తుపెట్టుకోండి.

పనిలోకి వచ్చాక ఊరేగింపులో నడవనివ్వండి, వెనకకాళ్ల మీద నిలబెట్టి ఆడించడం మాత్రం మానేయండి. దిగేటప్పుడు ఒంటి బరువంతా ఆ ముందుకాళ్ల మీదే పడుతుంది. మేం పూర్తిగా మానేశాం. ఆ ఆట లేకపోతే వద్దన్న పార్టీలు ఉన్నాయి, పోనివ్వండి.

స్కాన్ రిపోర్టు వచ్చాక గాయం ఎంత మేర ఉందో ఇక్కడే రాయండి. మాకు డాక్టర్ రాసిచ్చిన నడక పట్టిక పెడతాను, మీ డాక్టర్‌కు చూపించి మార్చుకోవచ్చు.