రంగా జీవితం రాయబోతున్న మేనకోడలికి

అమ్మాయీ,

ఆశీస్సులు. విజయవాడ కాంగ్రెస్ నాయకుడు వంగవీటి మోహనరంగా జీవితచరిత్ర రాయాలనుకుంటున్నావని చదివి చాలా సంతోషించాను. నువ్వు పంపిన మొదటి అధ్యాయం కూడా చదివాను. 1988 డిసెంబరు 26 తెల్లవారుజామున దీక్షా శిబిరం మీద జరిగిన దాడితో మొదలుపెట్టావు. ఆ పేజీలు తీసి పక్కన పెట్టు. పుస్తకంలో వాటికి చోటుంది, కానీ చాలా తర్వాత. హత్యతో మొదలుపెడితే ఆయన బతికిన నలభై ఒక్క ఏళ్లూ ఆ హత్యకు పీఠికగా మిగిలిపోతాయి. ఇప్పటికే ఆయన గురించి రాసినవాళ్లలో చాలామంది చేసింది అదే.

ఊరితో మొదలుపెట్టు. 1947లో కాటూరులో పుట్టిన పిల్లవాడు పెరిగి పెద్దయ్యేనాటికి బెజవాడ ఎలా ఉండేదో ముందు నీకు కళ్లకు కట్టాలి. పెద్ద రైల్వే జంక్షను, లారీలు, రిక్షా స్టాండ్లు, సినిమా హాళ్లు, కాలేజీలు. ప్రతిచోటా ఒక సంఘం, ప్రతి సంఘానికీ ఒక అండ కావాలి. కమ్యూనిస్టులకు గట్టి పట్టున్న ఊరు. రంగా అన్నయ్య రాధా ఆ నీడలోనే ఎదిగి, వాళ్ల నుంచి విడిపోయి సొంత బలగం కూడగట్టుకున్నారు. 1972లో సీపీఐ నాయకుడు చలసాని వెంకటరత్నం హత్యకు గురయ్యారు. 1974లో రాధాను చంపారు. 1979లో ప్రత్యర్థి వర్గపు దేవినేని గాంధీ, 1988 మార్చిలో ఆయన సోదరుడు మురళి, అదే ఏడాది డిసెంబరులో రంగా. ఈ పేర్లలో ఏ ఒక్కటి వదిలేసినా మిగతా కథ అబద్ధమవుతుంది. వీటిలో కొన్ని హత్యల విషయంలో రంగా వర్గం మీదే ఆరోపణలు వచ్చాయి. అభిమానులు నొచ్చుకుంటారని దాన్ని మింగేయకు. ప్రత్యర్థులు మెచ్చుకుంటారని పెంచి రాయకు.

చాలామంది దీన్ని కాపు, కమ్మ కులాల పోరుగా తేల్చేస్తారు. నువ్వు అంత తొందరపడకు. రంగా భార్య రత్నకుమారి కమ్మ కుటుంబంలో పుట్టినవారు. ఒకప్పుడు దేవినేని సోదరులూ, వంగవీటి సోదరులూ ఒకే వైపు ఉన్నవాళ్లు. కాలేజీ సంఘాలు చీలడం, పట్టు కోసం పెనుగులాట ముందు వచ్చాయి. కులం ఆ చీలికను పట్టుకుని గట్టిపడింది. 1988 జూలైలో బెజవాడలో కాపునాడు సభ జరిగేనాటికి రంగా కృష్ణా జిల్లా దాటి గోదావరి జిల్లాల వారికి కూడా నాయకుడయ్యారు. ఏ ఏడాది నుంచి కులం పేరు బాహాటంగా వినిపించిందో పాత పత్రికల్లో నువ్వే వెతికి పట్టుకోవాలి. నా అంచనా నీకు చెప్పను, చెబితే దానికి సరిపోయేవే నీ కళ్లకు కనిపిస్తాయి.

పత్రికలు చదివేటప్పుడు ఒకే తేదీవి పక్కపక్కన పెట్టుకుని చదువు. ఈనాడు, ఉదయం, ఆంధ్రజ్యోతి, ఆంధ్రప్రభ, విశాలాంధ్ర. ఒక్కో పత్రిక ఏది శీర్షికలో పెట్టిందో, ఏది నాలుగో పేజీలోకి నెట్టిందో చూస్తే సగం సంగతి అక్కడే తెలుస్తుంది.

నోటుపుస్తకం ఇలా వాడు. కుడి పేజీలో కోర్టు తీర్పులు, శాసనసభ చర్చలు, ఎన్నికల ఫలితాలు, అంటే కాగితం మీద ఉన్నవి. ఎడమ పేజీలో జనం చెప్పినవి. హంతకులు అయ్యప్ప దీక్షాపరుల వేషంలో వచ్చారని కోస్తాలో ఎవరినడిగినా చెబుతారు. కేసు కాగితాల్లో నీ కళ్లతో చూసేదాకా అది ఎడమ పేజీలోనే ఉండాలి. కేసు ఏళ్ల తరబడి నడిచి చివరికి నిందితులు నిర్దోషులుగా బయటపడ్డారు. కాబట్టి ఫలానావారు చంపించారని నీ మాటగా రాయడానికి వీల్లేదు. ఊరంతా ఏకకంఠంతో చెప్పినా వీల్లేదు. తీర్పు నకలుకు అర్జీ పెట్టి, సాక్ష్యం ఎక్కడ బలహీనపడిందని న్యాయమూర్తి రాశారో పూర్తిగా చదువు. నన్నడిగితే ఈ పుస్తకానికి అంతకంటే విలువైన పేజీలు దొరకవు.

మనుషుల దగ్గరికి వెళ్లినప్పుడు హత్య ఊసు ముందుగా ఎత్తకు. ఇల్లు ఎప్పుడు కట్టుకున్నారు, కొండ మీదికి నీళ్లు ఎలా మోసేవారు, కరెంటు ఎప్పుడొచ్చింది అని అడుగు. ఆయన చివరి దీక్ష పేదల ఇళ్ల పట్టాల కోసమే కదా. మొగల్రాజపురం కొండవాలులో ఒక పెద్దావిడ నాకు తన పట్టా చూపించింది. ట్రంకుపెట్టె అడుగున, చీరల కింద, పాలిథీన్ సంచిలో చుట్టి దాచుకుంది. మడతల దగ్గర కాగితం చిరిగిపోయి, వేలిముద్ర సిరా పాలిపోయి ఉంది. "ఇది రంగా ఇచ్చింది నాయనా" అంది. కింద మండల రెవెన్యూ అధికారి సంతకం, దాని పక్కన తేదీ. ఆ తేదీ ఆయన పోయిన తర్వాతది. ఆవిడ అబద్ధం చెప్పలేదు, ఆ కాగితమూ అబద్ధం కాదు. నీకూ ఇలాంటివి ఎదురవుతాయి. రెండూ రాయి. తెలుగుదేశం 202 సీట్లు గెలుచుకున్న 1985 ఎన్నికల్లో కాంగ్రెస్ టికెట్టు మీద విజయవాడ తూర్పులో ఆయన ఎలా గెలిచారో ఇలాంటి ఇళ్లలోనే నీకు అర్థమవుతుంది.

నీ కులం ఏమిటని అడుగుతారు. కొందరు సూటిగా, కొందరు ఇంటిపేరు అడిగి. దాచకుండా చెప్పి, వెంటనే నీ ప్రశ్నకు వచ్చేయి. దాచావని తర్వాత తెలిస్తే వాళ్లు చెప్పింది కూడా వెనక్కి తీసుకుంటారు. జూలై 4 జయంతికీ, డిసెంబరు 26 వర్ధంతికీ విగ్రహాల దగ్గరికి వెళ్లి చూడు. ఆ రోజుల్లో మాత్రం ఎవరినీ ఏమీ అడగకు. దండలు వేసే చోట జనం సభలో మాట్లాడినట్టే మాట్లాడతారు.

హత్య ఘట్టం రెండు మూడు పేరాల్లో ముగించు. గాయాల వర్ణన వద్దు. ఆయన పిల్లలు అప్పటికి చిన్నవాళ్లు, ఈ పుస్తకం ఇవాళ వాళ్లూ చదువుతారు. ఆపైన ఎక్కువ చోటు నగరానికి ఇవ్వు. ఆ అల్లర్లు కృష్ణా, గుంటూరు, ఉభయ గోదావరి జిల్లాలకు పాకాయి. నలభై మందికి పైగా చనిపోయారు. దుకాణాలు, సినిమా హాళ్లు, ఇళ్లు తగలబడ్డాయి. కర్ఫ్యూ పెట్టారు. రంగా కోసం కన్నీళ్లు పెట్టుకున్న ఊళ్లోనే రంగాతో ఏ సంబంధమూ లేని మనిషి దుకాణం బూడిదైంది. ఆ కుటుంబాలను ఎవరూ అడగలేదు. వాళ్లకు విగ్రహాలు లేవు, వర్ధంతులు లేవు. నువ్వు అడగాలి. చెప్పడానికి ఇష్టపడకపోతే నమస్కారం పెట్టి వచ్చేయి.

1989లో తెలుగుదేశం ఓడిపోయింది. రత్నకుమారి భర్త స్థానం నుంచే శాసనసభకు వెళ్లారు. ఆ ఓటమికి రంగా హత్యే కారణమని అలవాటుగా అనేస్తారు. తెలంగాణలో, రాయలసీమలో కూడా ఆ పార్టీ దెబ్బతింది కదా, మరి దానికేం చెబుతారు? నియోజకవర్గాల వారీ ఫలితాలు దగ్గర పెట్టుకుని నాలుగు కోస్తా జిల్లాలను విడిగా లెక్క కట్టు, ఆ తర్వాతే ఆ వాక్యం రాయి.

మొదటి అధ్యాయం మళ్లీ రాశాక పంపు. ఈసారి చేత్తో రాసింది కాకుండా టైపు చేసి, పెద్ద అక్షరాలతో పంపితే నాకు చదవడం తేలిక.

ఇట్లు,
మీ మామయ్య