కాపీవిత్‌కి నల్ ఇస్తే కూపన్ ఎందుకు పోదు?

"డార్ట్ భాషలో ఇమ్యూటబుల్ (ఒకసారి తయారయ్యాక మారని) ఆబ్జెక్ట్‌లో ఒకటి రెండు ఫీల్డ్స్ మార్చి కొత్త కాపీ తీసుకోవాలి. అందరూ కాపీవిత్ (ఇచ్చిన ఫీల్డ్స్ మార్చి, మిగతావి అలాగే ఉంచి కొత్త కాపీ ఇచ్చే మెథడ్) రాయమంటున్నారు, అదేనా మంచి పద్ధతి?" అని అడిగారు. రాయకండి. కనీసం చేత్తో రాయకండి.

మేం కిరాణా డెలివరీ యాప్ చేస్తున్నప్పుడు ఆర్డర్ క్లాస్‌లో ఫీల్డ్స్ అన్నీ ఫైనలే, అంటే ఫీల్డ్‌లో ఇంకో విలువ పెట్టలేం. ఏం మార్చాలన్నా కాపీవిత్. డెమో రేపనగా టెస్టింగ్ చూసే అమ్మాయి వచ్చి, "కూపన్ తీసేశానండీ, డిస్కౌంట్ మాత్రం అలాగే ఉంది" అంది. బటన్ పనిచేస్తోంది, స్క్రీన్ రీబిల్డ్ అవుతోంది, లాగ్స్‌లో ఒక్క ఎర్రర్ లేదు. సర్వర్ వాళ్లని అనుమానించి వాళ్లతో ఓ గంట గొడవ కూడా అయింది. తీరా చూస్తే కాపీవిత్ లోపల "కూపన్ ?? దిస్.కూపన్" అని ఉంది. మనం కూపన్‌కి నల్ (విలువ ఏమీ లేదని) పంపితే ఆ "??" పాతదే ఉంచేస్తుంది. తీసేయమని చెప్పడానికీ, అసలేమీ చెప్పకపోవడానికీ దానికి తేడా తెలియదు.

కాట్లిన్ భాషలో ఈ బాధ లేదు. అక్కడి డేటా క్లాస్‌కి వచ్చే కాపీ మెథడ్‌లో ఏమీ ఇవ్వకపోతే పాత విలువే డిఫాల్ట్ కాబట్టి నల్ ఇస్తే నల్లే పడుతుంది. డార్ట్‌లో డిఫాల్ట్ కంపైల్ టైమ్ కాన్‌స్టంట్ (ప్రోగ్రామ్ నడవకముందే తెలిసిన విలువ) అయి తీరాలి, అందుకే ఈ తిప్పలు. డార్ట్‌లో ఇలాంటి కోడ్ తానే రాసిపెట్టే ఫ్రీజ్‌డ్ ప్యాకేజీ జనరేట్ చేసే కాపీవిత్ నల్‌ని సరిగ్గానే తీసుకుంటుంది. కాకపోతే ఆ కోడ్ తయారుచేసే బిల్డ్ రన్నర్ టూల్ నడిపి, అది అయ్యేలోపు టీ తాగి రావాలి. సీ షార్ప్ 9లో 2020లోనే రికార్డ్స్‌తో (డేటా పట్టుకునే క్లాసులు) పాటు, కొన్ని ఫీల్డ్స్ మార్చి కాపీ ఇచ్చే విత్ కూడా ఇచ్చారు. 2021లో జావా 16తో రికార్డ్స్ ఖాయమైనప్పుడు అది లేదు, పాపం వాళ్లు బిల్డర్లు (ఆబ్జెక్ట్‌ని ఒక్కో ఫీల్డ్ పెట్టి కట్టే క్లాసులు) రాసుకున్నారు.

నన్నడిగితే అసలు కాపీవిత్ బయటికి ఇవ్వడమే తప్పు. ఆర్డర్ ఐడీ కూడా ఎవరైనా మార్చేయొచ్చు కదా! "కూపన్ తీసెయ్యి", "అడ్రస్ మార్చు" అని పనికో మెథడ్ పెట్టండి. లోపల కన్‌స్ట్రక్టర్‌ని (ఆబ్జెక్ట్ తయారుచేసే కోడ్) పిలిచి కొత్త ఆర్డర్ ఇస్తే చాలు, నల్ గొడవే రాదు.

ఆర్డర్‌లో ఐటమ్స్ లిస్ట్ ఉందా? కాపీవిత్‌లో ఆ లిస్ట్ ఇవ్వకపోతే పాత, కొత్త ఆర్డర్లు రెండూ అదే లిస్ట్‌ని పట్టుకుని ఉంటాయి. ఒకదాంట్లో యాడ్ చేస్తే రెండోది కూడా మారుతుంది, ఫైనల్ అని రాసినా ఆగదు. కన్‌స్ట్రక్టర్‌లోనే లిస్ట్.అన్‌మాడిఫయబుల్ వాడండి, అది మార్చలేని లిస్ట్ ఇస్తుంది.