అద్దె సైన్యం, అప్పుల పద్దు: కంపెనీకి రాజ్యాలు ఎలా దక్కాయి?

ప్రశ్న: మచిలీపట్నంలో బట్టల వ్యాపారానికి దిగిన ఇంగ్లీషువాళ్లకు కోస్తా జిల్లాలు ఎలా వచ్చాయి? నిజాంను యుద్ధంలో ఓడించారా? (ఒక పాఠకురాలు, ఏలూరు)

జవాబు: యుద్ధం జరిగింది కానీ నిజాంతో కాదు, ఫ్రెంచివాళ్లతో. 1611లో మచిలీపట్నం చేరిన ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ దాదాపు నూటయాభై ఏళ్లపాటు ఈ తీరంలో వర్తకులుగానే ఉంది. 1632 నాటి గోల్కొండ ఫర్మానా ప్రకారం ఏడాదికి 500 పగోడాలు (బంగారు నాణేలు) కట్టి, ఇక సుంకం లేకుండా సరుకు ఎగుమతి చేసుకునేది.

సైన్యం ఇచ్చి, దాని జీతాలకని జిల్లాల శిస్తు రాయించుకునే పద్ధతి ఇక్కడ మొదలుపెట్టింది ఫ్రెంచి సేనాని బుస్సీ. 1753లో అప్పటి నిజాం సలాబత్ జంగ్ అతనికి ముస్తఫానగర్ (కొండపల్లి), ఏలూరు, రాజమండ్రి, చికాకోల్ (శ్రీకాకుళం) సర్కార్లు, అంటే జిల్లాలు, రాసిచ్చాడు. తర్వాత విజయనగరం ఆనందగజపతి రాజు పిలుపు మీద కంపెనీ బెంగాల్ గవర్నరు క్లైవు కలకత్తా నుంచి కర్నల్ ఫోర్డును పంపాడు. ఫ్రెంచివాళ్లు 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర ఓడారు, 1759 ఏప్రిల్లో మచిలీపట్నం కోట పోగొట్టుకున్నారు. వాళ్లకు సాయంగా దండుతో బయల్దేరిన సలాబత్ జంగ్, కోట పడిపోయిందని తెలిసి గెలిచినవాళ్లతోనే సంధి చేసుకున్నాడు.

మిగిలిందంతా కాగితాల మీద నడిచింది. 1765లో క్లైవు మొఘల్ పాదుషా షా ఆలం చేత సర్కార్లకు ఫర్మానా రాయించాడు. సలాబత్ జంగ్ తర్వాత నిజాం అయిన నిజాం అలీ ఒప్పుకోలేదు. చివరికి 1766 నవంబరులో బేరం కుదిరింది: అయిదు సర్కార్లకు కంపెనీ ఏడాదికి 9 లక్షల రూపాయల పేష్కష్ (కప్పం) కట్టాలి, నిజాం అడిగితే సైన్యం పంపాలి. సైన్యం పంపిన ఏడు ఆ ఖర్చు పేష్కష్‌లో మినహాయింపు. అయిదో సర్కారు గుంటూరు నిజాం తమ్ముడు బసాలత్ జంగ్ జాగీరు కాబట్టి 1788 దాకా చేతికి రాలేదు.

ప్రశ్న: యుద్ధంలో పోగొట్టుకోకుండానే నిజాం బళ్లారి, కడప కంపెనీకి ఎందుకు వదులుకున్నాడు? (ఒక పాఠకుడు, అనంతపురం)

జవాబు: సిపాయిల జీతాల కోసం. 1795లో ఖర్డా దగ్గర మరాఠాల చేతిలో దెబ్బతిన్నప్పుడు కంపెనీ సాయం రాలేదు. ఆ భయంతోనే నిజాం 1798 సెప్టెంబరు 1న సైన్యసహకార సంధికి ఒప్పుకున్నాడు: కంపెనీ సిపాయిలవి ఆరు పటాలాలు, వాటి ఖర్చుకు నిజాం ఏడాదికి 24,17,100 రూపాయలు. అసలు ముప్పు షరతులో ఉంది. ఫ్రెంచి అధికారుల కింద శిక్షణ పొందిన తన పటాలాలను రద్దు చేయాలి. అక్టోబరులో అదీ అయింది. ఇక ఆయనకు మిగిలిన గట్టి సైన్యం కంపెనీదే.

1800 అక్టోబరు 12న మరో సంధి. రెండు పటాలాలు, ఒక గుర్రపుదళం పెరిగాయి. నగదు బదులు, 1792లోనూ 1799లోనూ టిప్పు రాజ్యంలోంచి నిజాం వాటాకు వచ్చిన భూమంతా కంపెనీకి వెళ్లింది. బళ్లారి, కడప ఉన్న ఆ భూములే దత్తమండలాలు. కంపెనీ పక్కన నిలబడి పోరాడి సంపాదించుకున్నది చివరికి కంపెనీకే పోయింది! పైగా కంపెనీకి తెలియకుండా మరో రాజుతో సంప్రదింపులు చేయకూడదు.

ఇంతటితో ఖర్చు ఆగి ఉంటే హైదరాబాదు తట్టుకునేదేమో. హైదరాబాదులో ఉండే కంపెనీ ప్రతినిధులైన రెసిడెంట్ల ఒత్తిడితో ఇంగ్లీషు అధికారుల కింద కంటింజెంట్ అనే ఇంకో సైన్యాన్ని పోషించాల్సి వచ్చింది. దాని జీతాలకు నిజాం మంత్రి చందూలాల్, హైదరాబాదులోని పామర్ అనే వడ్డీవ్యాపార సంస్థ దగ్గర భారీ వడ్డీకి అప్పులు చేశాడు. 1823లో ఆ అప్పు తీర్చిన తీరు చూడండి. సర్కార్లకు కంపెనీ కట్టే పేష్కష్ అప్పటికి 7 లక్షలు. నూటికి 6 వడ్డీ చొప్పున అంత రాబడి ఇచ్చే అసలు 1,16,66,666 రూపాయలు. ఈస్టిండియా కంపెనీ ఆ మొత్తం ఇచ్చేసింది, పేష్కష్ శాశ్వతంగా రద్దయింది. నిజాం కౌలు హక్కు అలా వడ్డీవ్యాపారి బాకీలో కలిసిపోయింది. అయినా కంటింజెంట్ జీతాల బాకీ మళ్లీ పేరుకుంది. 1853లో నిజాం రాజ్యంలోని బేరారు ప్రాంతం దాని కిందే పోయింది.

ప్రశ్న: కంపెనీ వ్యాపారం ఎప్పుడు మానేసింది? (ఒక విద్యార్థిని, వరంగల్)

జవాబు: భారత వ్యాపారంపై గుత్తాధిపత్యం 1813లో పోయింది. 1833 చట్టం మొత్తం వ్యాపారాన్నే ఆపించి, పాలన మాత్రం ఉంచింది. వాటాదారులకు నష్టం లేదు. ఏటా నూటికి పదిన్నర చొప్పున డివిడెండు భారతదేశపు రాబడి నుంచే ఇవ్వాలని అదే చట్టం రాసింది. 1858లో పాలన రాణి చేతికి వెళ్లాక కూడా ఆ చెల్లింపు సాగింది. 1874లో కంపెనీ రద్దయ్యింది.