మద్యం తాగితే కొరడా దెబ్బలని ఖురాన్‌లో ఉందా? బైబిల్ ఏమంటుంది?

లేదు, ఖురాన్ మద్యాన్ని నిషేధించింది గానీ తాగినవారిని ఇన్ని దెబ్బలు కొట్టాలని ఎక్కడా చెప్పలేదు. బైబిల్ అయితే తాగుబోతుతనాన్ని ఖండించిందే తప్ప ద్రాక్షారసాన్ని అందరికీ నిషేధించలేదు.

ఇస్లాంలో ఈ శిక్షకు ఆధారం హదీసులు (ముహమ్మద్ ప్రవక్త మాటలు, చేతల గురించిన కథనాలు), ఆయన తర్వాత ముస్లింలను పాలించిన తొలి ఖలీఫాల ఆచరణ. మొదటి ఖలీఫా అబూబక్ర్ కాలంలో 40 దెబ్బలు కొట్టేవారు. రెండో ఖలీఫా ఉమర్ తన హయాంలో ప్రవక్త సహచరులతో సంప్రదించి వాటిని 80కి పెంచారు. ఇస్లామిక్ న్యాయ సంప్రదాయాల్లో షాఫియీ పండితులు 40ని, హనఫీ, మాలికీ పండితులు 80ని ప్రమాణంగా తీసుకోవడానికి కారణం అదే. వ్యభిచారానికి మాత్రం 100 దెబ్బలని ఖురాన్ అంకెతో సహా చెప్పింది. ఈ రెండు శిక్షలనూ కలిపేస్తే, తాగినవారికీ ఖురాన్‌లోనే దెబ్బలున్నాయన్న అపోహ పుట్టవచ్చు. అసలు మద్య నిషేధమే అంచెలంచెలుగా వచ్చింది: మొదట అందులో లాభం కన్నా పాపం ఎక్కువన్నారు, తర్వాత మత్తులో నమాజు దగ్గరికి రావద్దన్నారు, చివరికి జూదంతో పాటు పూర్తిగా మానుకోమన్నారు.

క్రైస్తవంలో అభ్యంతరం ప్రధానంగా మత్తుకే. కానా ఊరి పెళ్లిలో యేసు నీటిని ద్రాక్షారసంగా మార్చినట్టు యోహాను సువార్త చెబుతుంది. మత్తులో మునగవద్దని ఎఫెసీయులకు రాసిన పత్రిక హెచ్చరిస్తుంది. తాగినందుకు కొత్త నిబంధన కొరడా దెబ్బలేవీ విధించలేదు. అలాగని క్రైస్తవులంతా మద్యాన్ని ఒప్పుకుంటారనుకోవడం కూడా పొరపాటే. సెవెంత్ డే అడ్వెంటిస్టు శాఖవారు, రక్షణ సైన్యం (సాల్వేషన్ ఆర్మీ) అనే క్రైస్తవ సంస్థలో ‘సైనికులు’ అని పిలిచే సభ్యులు దాన్ని పూర్తిగా వదిలేయాలి.