బ్యాకప్ రిపోర్టులో "వానిష్డ్" అని వస్తే భయపడాలా?

రాత్రి దానంతటదే నడిచే బ్యాకప్ పూర్తయ్యాక వచ్చే రిపోర్టులో రోజూ వార్నింగులు ఉంటున్నాయి, పట్టించుకోవాలా వదిలేయాలా అని అడిగారు. నేను రెండూ చేసి దెబ్బతిన్నాను, అందుకే రాస్తున్నాను.

మాది పర్లాకిమిడి. తెలుగులో, ఒడియాలో శుభలేఖలు, పోస్టర్లు వేసే చిన్న డీటీపీ షాపు. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫానుకి షాపులోకి నీళ్లొచ్చి కంప్యూటర్ పోయింది, ఏళ్ల తరబడి చేసుకున్న డిజైన్లూ దాంతోనే పోయాయి. ఆ తర్వాత ఒక పాత మెషీన్‌లో లైనక్స్ వేసి మేడ మీద పెట్టాను. రాత్రి పదింటికి ఆర్‌సింక్ అనే కాపీ ప్రోగ్రాం కింద షాపులో ఉన్న ఫైళ్లన్నీ అందులోకి కాపీ చేసి నా ఫోన్‌కి రిపోర్టు పంపుతుంది.

మూడో రోజే "ఫైల్ హాజ్ వానిష్డ్" అని, అంటే ఫైలు మాయమైందని వచ్చింది, కింద కోడ్ 24. ఆ లైన్‌లో మర్నాడు పొద్దున్నే ఇవ్వాల్సిన శుభలేఖ పేరు. గుండె జారిపోయింది. వానలో బండి తీసి, టైపింగ్ చేసే మా పిన్ని కొడుకుని నిద్రలేపి "ఏమైందిరా ఫైలు?" అంటే, "నేనేం ముట్టుకోలేదన్నయ్యా, పదింటికి మూసేసి వచ్చేశాను" అన్నాడు. షాపు తెరిచి చూస్తే శుభలేఖ అక్షరం కూడా చెదరకుండా ఉంది.

అసలు సంగతి ఆ పదింటికి మూయడంలోనే ఉంది. వర్డ్‌లో ఫైలు తెరవగానే పక్కన దాదాపు అదే పేరుతో, ముందు టిల్డా, డాలర్ గుర్తులతో (~$) కంటికి కనబడని చిన్న ఫైలు ఒకటి పుడుతుంది, మూయగానే పోతుంది. ఆర్‌సింక్ ముందు జాబితా రాసుకుని తర్వాత కాపీకి వెళ్తుంది, సరిగ్గా ఆ మధ్యలో వాడు మూశాడు. 24 అంటే ఇంతే. "కాపీ చేసేలోపు ఈ ఫైలు తీసేశారు" అని రాస్తే ఆ ప్రోగ్రాం చేసినవాళ్ల సొమ్మేం పోయింది? పైగా మర్నాడు బజార్లో ఒకాయన రిపోర్టు చదవకుండానే డిస్క్ పోయిందని కొత్తది అంటగట్టబోయాడు.

అది తెలిశాక నేను రిపోర్టు చూడటమే మానేశాను, అది ఇంకా పెద్ద తప్పు. నెల తర్వాత తీరిగ్గా చదివితే ఏడెనిమిది వానిష్డ్‌ల మధ్య "ఇన్‌పుట్ అవుట్‌పుట్ ఎర్రర్" అని ఒక లైన్, కింద కోడ్ 24 కాదు, 23. పద్దెనిమిది రోజులుగా ఒకే ఫోల్డర్ మీద. అంటే ఆ ఫైళ్లను డిస్క్ చదవలేకపోతోంది, కాపీ పడటం లేదు. ఒడియా కార్డుల్లో సగం పోయాయి.

కాబట్టి ఆ టిల్డా డాలర్ ఫైళ్లను ఎక్స్‌క్లూడ్‌లో, అంటే కాపీ చేయకుండా వదిలేసే జాబితాలో పెట్టేయండి, రిపోర్టులో గోల తగ్గుతుంది. వానిష్డ్ పక్కన మీ అసలు ఫైలు పేరు ఉంటే వెళ్లి చూడండి. 23 వస్తే, పక్కన పర్మిషన్ డినైడ్ (ఫైలు చదవడానికి అనుమతి లేదు) అని ఉన్నా సరే, ఆ ఫైలు కాపీ కాలేదనే లెక్క, ఆ రోజే సంగతి తేల్చండి. నెలకోసారి బ్యాకప్ నుంచి ఒక కార్డు బయటికి తీసి తెరిచి చూడండి, మేం ప్రతి ఒకటో తారీఖున షాపు తెరవగానే ఆ పనే చేస్తాం.