డిజైన్ ఏజెంటు టూళ్లకు వివరణ రాసేటప్పుడు

మధురవాడ, విశాఖపట్నం

చిరంజీవి మేనకోడలికి,

ఆశీస్సులు. డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో ఏఐ ఏజెంటు (మనం చెప్పిన పనిని టూళ్లు వాడి తనే చేసే ఏఐ) వాడే టూళ్లకు డాక్యుమెంటేషన్ రాసే పని నీకు అప్పగించారన్నావు. చిన్న పనిలా కనిపిస్తుంది గానీ కాదమ్మా. మనిషైతే స్క్రీన్ చూసి సగం తనే పట్టేస్తాడు. ఏజెంటు చేతిలో టూల్ పేరు, నువ్వు రాసిన వివరణ, పారామీటర్ల స్కీమా (ఏ విలువలు ఏ రూపంలో ఇవ్వాలన్న పట్టిక) తప్ప ఇంకేం ఉండవు. 2024 నవంబరులో ఆంత్రోపిక్ బయటపెట్టిన ఎంసీపీ (ఏఐని బయటి టూళ్లకు కలిపే) పద్ధతిలోనైనా టూల్ గురించి ఏజెంటు వెనకున్న మోడల్‌కి ముఖ్యంగా అందేవి ఇవే.

ముందు కొలతలు. ఎక్కువ పనులు చెడేది ఇక్కడే. ఫిగ్మా అనే డిజైన్ సాఫ్ట్‌వేర్ ప్లగిన్ ఏపీఐలో (కోడ్‌తో దానికి ఆదేశాలిచ్చే దారిలో) ఎరుపు, ఆకుపచ్చ, నీలం విలువలు 0 నుంచి 1 మధ్య ఉండాలి. మోడల్‌కేమో 0 నుంచి 255 అలవాటు. "లేయర్‌కి రంగు వేస్తుంది" అని ఒక్క ముక్క రాసి వదిలేస్తే అది 255, 153, 0 పంపుతుంది, ఎర్రర్ తింటుంది. ఇలా రాయి: "లేయర్ ఫిల్ రంగు మారుస్తుంది. పాత ఫిల్స్ అన్నీ పోతాయి. ప్రతి విలువా 0–1 మధ్య. 255 లెక్కలో ఉంటే 255తో భాగించి పంపాలి. ఉదా: 255, 153, 0 అంటే 1, 0.6, 0. పారదర్శకత రంగులో కలపకూడదు, ఒపాసిటీలో విడిగా ఇవ్వాలి." పాత ఫిల్స్ (లోపల నింపిన రంగులు) పోతాయన్న వాక్యం మాత్రం మరిచిపోకు. అది లేకపోతే గ్రేడియెంట్ ఉన్న లేయర్ మీద ఏజెంటు నిశ్చింతగా రంగు పూసేస్తుంది.

మన ఊళ్లో బ్యానర్ కావాలంటే "ఆరు బై నాలుగు" అంటారు, అడుగుల్లో. ఇలస్ట్రేటర్ (అడోబీ డిజైన్ సాఫ్ట్‌వేర్) స్క్రిప్టుకి కావలసింది పాయింట్లు, అంగుళానికి 72. అంటే ఆరడుగుల (72 అంగుళాల) వెడల్పు 5184 పాయింట్లు, నాలుగడుగుల (48 అంగుళాల) ఎత్తు 3456. ఈ లెక్కని ఏజెంటుకి వదలకు. టూల్‌లోనే యూనిట్ పారామీటర్ పెట్టించు. కుదరకపోతే పారామీటర్ పేరే "వెడల్పు_పాయింట్లలో" అని ఉండాలి. వివరణ మధ్యలో ఎక్కడో రాసిన యూనిట్ కన్నా పేరులో ఉన్న యూనిట్‌కే తప్పు తక్కువ జరుగుతుంది.

తర్వాత స్థానం. ఫిగ్మాలో ఎక్స్, వై కొలిచేది లేయర్ ఉన్న ఫ్రేమ్ ఎడమ పై మూల నుంచి, కాన్వాస్ నుంచి కాదు. ఫ్రేమ్ కాన్వాస్‌లో 1200 దగ్గరున్నా, ఎడమ అంచు నుంచి 80 కావాలంటే 80 ఇవ్వాలి గానీ 1280 కాదు. గ్రూపులో ఉన్న లేయర్లకి కూడా గ్రూపు నుంచి కాదు, దాన్ని పట్టుకున్న ఫ్రేమ్ నుంచే లెక్క. ఆటో లేఅవుట్ (లేయర్లను తానే వరసగా పేర్చే పద్ధతి) ఉంటే పిల్ల లేయర్ల చోటు వరసక్రమాన్ని బట్టే వస్తుంది, ఎక్స్, వై ఇచ్చి లాభం లేదు. ఈ మూడూ వివరణలో ఉండాల్సిందే.

తెలుగు టెక్స్ట్ విషయంలో ఇంకాస్త శ్రద్ధ పెట్టు. తెలుగు శీర్షికని రెండు వరసల్లో వేసి లైన్ హైట్ (వరసల మధ్య ఎడం) 100 శాతం ఇస్తే పై వరస వత్తులు కింది వరస గుడులకి తగలొచ్చు. 150 శాతంతో మొదలెట్టమని రాయి. 1.5 కాదు, 150 అని కూడా రాయి. 1.5 శాతం అనుకుంటే వరసలన్నీ ఒకదాని మీద ఒకటి పడతాయి. టెక్స్ట్ మార్చేముందు ఆ టెక్స్ట్‌లో వాడిన ప్రతి ఫాంటూ లోడ్ అయ్యుండాలి. ఆ పని టూలే చేస్తుందా, ఏజెంటు వేరే టూల్‌తో చేయాలా అన్నది తేల్చి రాయి.

ఎర్రర్ సందేశాలు కూడా డాక్యుమెంటేషనే. చాలామంది వీటిని కోడ్ రాసేవాళ్లకి వదిలేస్తారు, నువ్వు వదలకు. "ఇన్‌వాలిడ్ ఇన్‌పుట్" అంటే ఏజెంటు అదే విలువను మళ్లీ మళ్లీ పంపుతుంది. "ఎరుపు 255 వచ్చింది. 0–1 మధ్య ఉండాలి. 255తో భాగించి మళ్లీ పంపు" అంటే రెండోసారికి సరిచేసుకుంటుంది.

లేయర్‌ని పేరుతో వెతకనివ్వకు. ఒకే ఫైల్లో "రెక్టాంగిల్ 1"లు పది ఉండొచ్చు. ఐడీ అడుగు, అది ఏ టూల్ నుంచి వస్తుందో చెప్పు. ఫైల్ మొత్తం తిరిగిచ్చే టూల్ ఉంటే ఎన్ని అంచెల లోతుకి వెళ్లాలో పారామీటర్ పెట్టించు, లేకపోతే కాంటెక్స్ట్ (మోడల్ ఒకేసారి చూడగలిగే సమాచారం) నిండిపోతుంది. చెరిపేసే టూల్‌కి డిస్ట్రక్టివ్ (ఉన్నది పోగొట్టేది) అన్న గుర్తు పెట్టడం మంచిదే గానీ అది సూచనే, అడ్డుకట్ట కాదు. అనుమతి అడిగే పని సాఫ్ట్‌వేర్‌లోనే ఉండాలి.

రాశాక కొత్త చాట్ తెరిచి, డిజైనర్లు మాట్లాడే మాటల్లోనే పది పనులు చెప్పు. "ఈ బటన్ కాస్త కిందకి జరుపు", "శీర్షిక పెద్దది చెయ్యి" లాంటివి. లాగ్‌లో (ఏజెంటు చేసిన పనుల చిట్టాలో) మొదట ఏ టూల్ పిలిచింది, ఏ విలువలు పంపింది చూడు. రెండు టూళ్ల మధ్య తడబడితే వాటి వివరణల్లో "దీనికి ఇది వాడకు, అది వాడు" అని చేర్చు. ఒకసారికి ఒక్క వాక్యమే మార్చి, మళ్లీ ఆ పది పనులూ చేయించు. రెండు మూడు కలిపి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు.

మొదటి నాలుగు టూళ్ల వివరణలు రాయగానే ఆ లాగ్‌లతో సహా నాకు పంపు, చూస్తాను.

మీ మావయ్య